పురిటికెళ్ళే అమ్మకి ఎన్ని జీబీలు కావాలి?

కిందటేడు మా పెద్దక్క కూతురి పురిటికి నగరం నుంచి డల్లాస్ బయల్దేరింది. ఆవకాయ, కాయం పొడి అన్నీ మూడుసార్లు సర్దుకుంది. ఫోన్ సంగతి అడిగితే "మీ బావగారు చూసుకుంటారులే" అంది. ఆయన నెలకి సరిపడా ఈసిమ్ కొన్నారు. తీరా దోహాలో విమానం ఆలస్యం. ఆ ప్లానేమో అమెరికాలోనే పనిచేస్తుందట! వైఫై కలుపుకోవడం అక్కకి రాదు. కబురు తెలిసేదాకా మాకు ప్రాణాలు నిలవలేదు.

నన్నడిగితే, చూడాల్సింది జీబీలు కాదు. కూతురింట్లో వైఫై ఉంటుంది. మనకి నెట్ కావలసింది దారిలో. విమానం మారే దేశం కూడా ప్లాన్‌లో ఉందో లేదో చూడాలి. *#06# నొక్కితే ఈఐడీ కనిపించాలి, అప్పుడే ఆ ఫోన్‌లో ఈసిమ్ పడుతుంది. ఇంట్లో వైఫై ఉండగానే ఎక్కించుకోవాలి. ఇలాంటి ప్లాన్లలో చాలావాటికి డేటాయే గానీ నంబరుండదు. బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్‌ని ఫోన్‌లోనే ఉంచి, రోమింగ్ పెట్టించుకుని, దాని డేటా రోమింగ్ మాత్రం ఆపేయాలి.

ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఆవకాయ పాళ్ళు కంటితో చూసి చెప్పేవాళ్ళం, మన ఫోన్ మనం చూసుకోలేమా?