చెత్తతో చేసిన బొమ్మ మళ్ళీ చెత్తలోకే పోతే?

పిల్లలూ! మీ బడిలో సైన్సు ఫెయిర్ జరిగినప్పుడల్లా 'పనికిరాని వస్తువులతో పనికివచ్చే వస్తువులు' అనే పోటీ ఒకటి ఉంటుంది కదా! ఖాళీ సీసాకు రంగు పూసి, చమ్కీలు అద్ది పూలకుండీ చేస్తారు. థర్మోకోల్ ముక్కలతో ఇల్లు కడతారు. అందరూ చప్పట్లు కొడతారు, బహుమతులు ఇస్తారు. మరి నెల తిరిగేసరికి ఆ వస్తువు ఎక్కడ ఉంటుంది? చాలావరకు అటక మీద, ఆ తర్వాత చెత్తకుండీలో! ఇటువంటి పోటీల్లో మార్కులు వేసే పద్ధతి మారాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

ఖాళీ ప్లాస్టిక్ సీసా నిజానికి పనికిరానిది కాదు. శుభ్రంగా ఉంటే పాత సామాన్లు కొనే అతను దాన్ని తీసుకుపోతాడు. కార్ఖానాలో అటువంటి సీసాలను ముక్కలు చేసి, కడిగి, కరిగించి పాలియెస్టర్ దారం తీస్తారు. అదే సీసాకు మనం రంగు, జిగురు, గుడ్డ పీలికలు, చమ్కీలు అంటించామనుకోండి. వాటిని మళ్ళీ విడదీయటం కష్టం. కనుక దాన్ని కొనేవారుండరు. అంటే పనికివచ్చే వస్తువును మనమే చెత్తగా మార్చామన్నమాట! పైగా రంగులకూ చమ్కీలకూ అమ్మ చేత డబ్బు ఖర్చు పెట్టించాం. థర్మోకోల్ సంగతి మరీ ఘోరం. అది పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్. ఆకులా, కాగితంలా మట్టిలో కుళ్ళిపోదు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషేధించారు కూడా.

హైదరాబాదులో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ ప్రాంతాల పిల్లలకు ఇది దూరపు సంగతి కాదు. హుస్సేన్‌సాగర్ నిండితే మిగులు నీరు పోయే నాలా అశోక్‌నగర్ మీదుగా సాగి, చివరికి మూసీలో కలుస్తుంది. 2000 ఆగస్టులో కుండపోత వాన కురిసి నాలా పొంగినప్పుడు ఒడ్డునున్న ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అంత వాన పడితే నాలా పొంగకుండా ఉండదు, నిజమే. కాని ప్లాస్టిక్, థర్మోకోల్ అడ్డం పడితే నీటి దారి మరింత ఇరుకవుతుంది. మన బొమ్మ ఆ దారిలో అడ్డం పడకూడదు కదా!

అయితే ఏం చెయ్యాలి? ముందు మన పేటలో ఏది ఎక్కువగా మిగిలిపోతున్నదో చూడాలి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. అశోక్‌నగర్‌లో వీధి వీధికీ కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. ఉద్యోగ పరీక్షలకు చదివే అన్నయ్యలూ అక్కయ్యలూ ఎందరో ఇక్కడ గదులు తీసుకుని ఉంటారు. వారు గది ఖాళీ చేసేటప్పుడు జిరాక్స్ కాగితాలు కట్టలకొద్దీ మిగులుతాయి. వాటిలో ఒక వైపే అచ్చయినవి ఏరి, దబ్బనంతో, పురికొసతో కుడితే చక్కని రఫ్ పుస్తకం తయారవుతుంది. ఒక కొత్త పుస్తకం కొనడం తప్పుతుంది. పాత కాగితాన్ని గుజ్జు చేసి మళ్ళీ కాగితం చెయ్యటానికి నీరూ, వేడీ కావాలి. పైగా అలా చేసిన ప్రతిసారీ దాని పీచు పొట్టిదవుతుంది. అందుకే కాగితాన్ని ముందు కాగితంగానే వాడుకోవాలి.

రెండు వైపులా నిండిపోయిన కాగితాలకు మన ఇళ్ళలో పాత ఉపాయం ఒకటి ఉంది. కాగితాలు చింపి రెండు రోజులు నానబెట్టి, నీరు పిండి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బుతారు. ఆ గుజ్జును బోర్లించిన గిన్నె మీద మందంగా అద్ది ఎండబెడితే గట్టి బుట్ట వస్తుంది. ఇందులోని కిటుకు ఏమిటి? కాగితమంటే సెల్యులోజ్ పీచు. నీటిలో నానినప్పుడు పీచుల మధ్య పట్టు సడలుతుంది. నీరు ఆరుతున్నకొద్దీ పీచులు దగ్గరికి చేరి, హైడ్రోజన్ బంధాలతో మళ్ళీ పట్టుకుంటాయి. మెంతుల్లోని జిగురు ఆ పట్టుకు తోడవుతుంది. అచ్చు సిరా ఉంటుంది కనుక ఈ బుట్టలో తినే పదార్థాలు పెట్టవద్దు. పెన్సిళ్ళు, దారపు ఉండలు పెట్టుకోండి.

మెంతుల వల్ల ఎంత లాభమో మీరే పరీక్షించండి. ఒకే గిన్నె మీద, ఒకే తూకం గుజ్జుతో మూడు బుట్టలు చెయ్యండి. ఒకటి వట్టి గుజ్జుతో, ఒకటి గంజి కలిపి, ఒకటి మెంతులు కలిపి. బాగా ఎండాక ఒక్కొక్క దాన్నీ బోర్లించి, పైన బరువులు పెంచుతూ పోండి. ఏది ఎంత మోసిందో రాసుకోండి. మెంతుల చేదుకు పురుగు పట్టదని పెద్దలంటారు. అదీ నిజమో కాదో ఆరు నెలలు గమనించండి.

పాత చీరలతో కుట్టిన బొంత కూడా ఇటువంటిదే. దాని పొరల మధ్య గాలి కదలకుండా నిలిచి ఉంటుంది. గాలి అధమ ఉష్ణవాహకం కాబట్టి చలికాలంలో వెచ్చగా ఉంటుంది. చిరిగితే అతుకు వేస్తారు. మరీ చివికితే మసిగుడ్డ చేస్తారు.

"అయితే అందం అక్కరలేదా?" అని మీరడగవచ్చు. తప్పక కావాలి! బొంత మీద వరసలు తీరిన కుట్టు అందమైనదే. కాని ఆ కుట్టే బొంతను పట్టి ఉంచుతుంది. అందం కోసం వస్తువును చెడగొట్టనక్కర్లేదు.

కాబట్టి ఉపాధ్యాయులకు నా మనవి. మార్కులు వేసే ముందు మూడు ప్రశ్నలు అడగండి. దీనివల్ల ఇంట్లో ఏ వస్తువు కొనడం తప్పింది? ఇది ఎన్నాళ్ళు మన్నుతుంది? పాడైపోయాక దీన్ని ఏం చేస్తావు? సగం మార్కులు పోటీనాడు వేసి, మిగతా సగం ఆరు నెలల తర్వాత వేస్తే ఇంకా మంచిది. అప్పటికీ ఇంట్లో వాడుకలో ఉన్న వస్తువుకే మొదటి బహుమతి ఇవ్వాలి.