గెలిచిన ఆట కాదు, కదిలిన చేయే గీటురాయి

పక్షవాతం నుంచి ప్రాణాలతో బయటపడినవారి చేతికీ కాలికీ తిరిగి పట్టు చిక్కడం చాలావరకు సాధన మీదే ఆధారపడి ఉంటుంది. మెదడులో కొంత భాగం దెబ్బతిన్నప్పుడు మిగిలిన నాడీకణాలు కొత్త అనుసంధానాలు ఏర్పరచుకొని ఆ పనిని కొంతమేరకు అందిపుచ్చుకోగలవు. న్యూరోప్లాస్టిసిటీ అనే ఈ గుణం ఫలించడానికి జంతు ప్రయోగాల్లో రోజుకు వందలసార్లు కదలిక అవసరం కాగా, అమెరికా, కెనడా పునరావాస కేంద్రాల్లో ఒక విడత చికిత్సలో చేతితో చేయిస్తున్న ఉపయుక్త కదలికలు సగటున 32 మాత్రమేనని 2009 నాటి పరిశీలన తేల్చింది. వీడియో గేమ్‌లతో వ్యాయామాన్ని ఈ లోటును బట్టే అంచనా వేయాలి.

నిన్‌టెండో 2006లో తెచ్చిన ‘వీ’ అనే గేమ్ పరికరం చేతిలోని రిమోట్ కదలికను పసిగడితే, మైక్రోసాఫ్ట్ 2010లో తెచ్చిన కినెక్ట్ కెమెరాతో కీళ్ల స్థానాలను గుర్తిస్తుంది. పక్షవాత బాధితులు పదిమంది వీలో టెన్నిస్, బాక్సింగ్ ఆడినప్పుడు వారి శరీరం ఖర్చుచేసిన శక్తి విశ్రాంతిలో ఖర్చయ్యేదానికి మూడు రెట్లు దాటిందని, అంటే అది మధ్యస్థ స్థాయి వ్యాయామమేనని నెదర్లాండ్స్ పరిశోధకులు 2011లో చూపారు.

అయితే, వ్యాయామమైనంత మాత్రాన అది ఇతర సాధనల కంటే మేలైనదని చెప్పలేం. కెనడాకు చెందిన నాడీవైద్యుడు గుస్తావో సపోస్నిక్ బృందం నాలుగు దేశాల్లో 141 మందిపై జరిపి 2016లో ప్రచురించిన ఎవ్‌రెస్ట్ అధ్యయనంలో, మామూలు చికిత్సకు తోడు రెండు వారాల్లో పది విడతలు కొందరిచేత వీ ఆటలు, మరికొందరిచేత పేకాట, బింగో, జెంగా వంటివి ఆడించగా, ఉభయుల చేతి పనితనమూ మెరుగుపడింది తప్ప వీడియో గేమ్‌కు ఆధిక్యం కనిపించలేదు. 72 ప్రయోగాలను క్రోడీకరించిన 2017 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, ఇటువంటి ఆటలు చికిత్సకు బదులుగా కాక అదనంగా తోడై మొత్తం సాధన సమయాన్ని పెంచినప్పుడే చేతికి మేలు కనిపించిందని సూచించింది.

పర్యవేక్షణ లేని ఆటలో మరో ప్రమాదం ఉంది. మోచేయి చాపి బంతిని కొట్టవలసినచోట రోగి నడుము వంచో, మణికట్టు విదిలించో పాయింట్లు సంపాదించవచ్చు. తెరపై అది గెలుపుగానే నమోదవుతుంది గానీ చాపవలసిన మోచేయి చాపలేదు, పైగా ఆ తప్పుడు కదలికే అలవాటుగా స్థిరపడుతుంది. ఈ తేడాను కనిపెట్టి సరిదిద్దగలిగేది ఫిజియోథెరపిస్టు కన్నే.

ఈ పర్యవేక్షణను కుటుంబసభ్యులకే వదిలేయలేం. వారికి తర్ఫీదిచ్చి ఇంటివద్ద సాధన చేయించినంత మాత్రాన మరణాలూ పరాధీనతా తగ్గలేదని, భారతదేశంలోని 14 ఆస్పత్రుల్లో 1,250 మందిపై జరిగి 2017లో వెలువడిన అటెండ్ అధ్యయనం చెప్పిన సంగతిని తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా గుర్తుంచుకోవాలి. కాబట్టి ప్రజాధనం ముందుగా వెచ్చించవలసింది పరికరాలపై కాదు, రోగి ఇంటిదాకా వెళ్లగల ఫిజియోథెరపిస్టులపై. వారు నిర్దేశించి పర్యవేక్షించినప్పుడు వీడియో గేమ్ అయినా, పేకముక్కలయినా, క్యారమ్ బల్లయినా రోగిచేత విసుగు లేకుండా మరో వందసార్లు చేయి కదిలించే మంచి సాధనమే అవుతుంది.