ఇల్లు కొనుట, అమ్ముట: సోదరీమణుల సందేహములు

"రిజిస్ట్రేషను జరిగినది గదా, ఇంక భయమేమి?" అని యడుగు సోదరీమణులు పెక్కండ్రు గలరు. ఇల్లు కొనుటను గూర్చి మేము తఱచుగా వినుచున్న ప్రశ్నలలో నిదియే మొదటిది. దీనికి సమాధానము తెలిసినచో తక్కిన సందేహములలో సగము తమంతట తామే తీఱును. కావున నీ నెల దీనితోనే యారంభించుచున్నాము.

1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము ప్రకారము నూఱు రూపాయలును, అంతకు మించియు విలువగల యింటిని రిజిస్టరైన పత్రము మూలముననే యమ్మవలెను. రిజిస్ట్రేషను లేనిదే యిల్లు మనది కాదు. ఇంతవఱకు నందఱు నెఱిగినదే. ఎఱుగనిది రెండవ సగము. సబ్ రిజిస్ట్రారు పత్రమును నమోదు చేయునే కాని, అమ్మువానికి నిజముగా హక్కు గలదా యని విచారించి తీర్పు చెప్పడు. 2025 ఏప్రిలులో సుప్రీముకోర్టువారు తమిళనాడునకు సంబంధించిన యొక వ్యాజ్యమున నీ మాటనే స్పష్టపఱచిరి. ఆస్ట్రేలియా దేశమున 1858వ సంవత్సరమున నారంభమైన టారెన్సు పద్ధతిలో, ప్రభుత్వపు రిజిస్టరులో నెవరి పేరున్నదో వారికే హక్కని సర్కారు పూచీపడును. మన దేశమున నట్టి పూచీ లేదు. ఇచ్చట నమోదగునది పత్రము మాత్రమే. హక్కును విచారించుకొను భారము కొనువారిపైననే యున్నది.

నాగారమునే యుదాహరణముగా తీసికొందము. ఇ.సి.ఐ.ఎల్. నుండి కీసరకు పోవు త్రోవలోని యీ యూరిని మా చదువరులలో ననేకులు కీసరగుట్ట జాతరకు పోవుచు చూచియేయుందురు. ఒకప్పుడు పొలములుగా నున్న నేల నేడు గజముల లెక్కన అమ్ముడుపోవుచున్నది. ఇచ్చటి పాత పత్రములలో జిల్లా పేరు హైదరాబాదని యుండును; 1978 ఆగస్టు 15 తరువాతి వానిలో రంగారెడ్డి జిల్లా యని యుండును; 2016 అక్టోబరు తరువాతి వానిలో మేడ్చల్ జిల్లా యని కనబడును. గ్రామపంచాయతీగా నున్నది పిమ్మట పురపాలక సంఘమై, 2025 చివర హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. ఇన్ని పేర్లు చూచి యిది వేఱొక స్థలమేమో యని యొకరు బెదరుదురు. పేర్లెట్లును మారినవి గదా యని మఱియొకరు దేనిని చూడకయే సంతకము చేయుదురు. రెండును తగదు. జిల్లా పేరు మారవచ్చును గాని సర్వే నంబరు, ప్లాటు నంబరు, గజముల కొలత, నాలుగు హద్దులు ఒక పత్రమునుండి మఱియొక పత్రమునకు సరిపోవుచు రావలెను. మారినచో నేల మారెనో చూపు కాగితము మఱియొకటి యుండవలెను. ఈ వరుసనే జనులు లింకు డాక్యుమెంట్లు అందురు. గొలుసులో నొక కడియము లేకున్నను కొనుట యాపవలసినదే.

"ఈసీ తీయించితిమి, అప్పులేవియు లేవని వచ్చినది, చాలదా?" అని మఱియొక ప్రశ్న. చాలదు. ఈసీలో రిజిస్టరైన వ్యవహారములే కనబడును. అసలు పత్రములను బ్యాంకులో నుంచి తెచ్చిన యప్పు, కోర్టులో నడచుచున్న దావా, అన్నదమ్ములు నోటిమాటతో చేసికొన్న పంపకము అందులో కనబడకపోవచ్చును. అందుచేతనే ముప్పది యేండ్ల ఈసీతో పాటు అసలు పత్రములను కంటితో చూడవలెను. జిరాక్సు ప్రతులు చూపి "అసలువి ఊరిలో నున్నవి" అని చెప్పువాని మాట నమ్మి బయానా యీయరాదు. పన్ను రసీదు, కరెంటు బిల్లు, మ్యుటేషను కాగితము అమ్మువాని పేర నున్నవనుటయు హక్కునకు నిదర్శనము కాదు. పన్ను కట్టువారెవరో అవి తెలుపును. యజమాని యెవరో తేల్చవు.

ఎంత చక్కగా రిజిస్టరైనను నిలువని భూములు కొన్ని గలవు. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమిని అమ్ముటను 1977 నాటి చట్టము నిషేధించినది. చెఱువు శిఖములో కట్టిన యిల్లును నట్టిదే. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ యేర్పడిన పిమ్మట చెఱువులలోని కట్టడములు కూల్చబడినప్పుడు, చేత పత్రములు పట్టుకొని యేడ్చిన కుటుంబములను పత్రికలలో మనమందఱము చూచితిమి. రిజిస్ట్రేషను శాఖవారి నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదా యని ముందు చూచుకొనవలెను. లేఅవుటునకు పంచాయతీ ముద్ర మాత్రమే యున్నదా, లేక 1975లో నేర్పడిన హుడా గాని, 2008లో దాని స్థానమున వచ్చిన హెచ్.ఎం.డి.ఏ. గాని అనుమతి యిచ్చినదా యనియు నడుగవలెను. అనుమతిలేని ప్లాట్లను క్రమబద్ధము చేయుటకు 2020 ఆగస్టులో ప్రభుత్వము ఎల్.ఆర్.ఎస్. పథకమును ప్రకటించెను. ప్లాటున కట్టి రుసుము చెల్లించిన రసీదు అమ్మువానియొద్ద నున్నదో లేదో చూడవలెను. లేనియెడల నా భారము మీ నెత్తికి వచ్చును.

జీపీఏ మాట యిప్పటికిని వినబడుచున్నది. "తక్కువ ధరకు వచ్చుచున్నది, జీపీఏ చేసి యిచ్చెదరు, స్వాధీనము వెంటనే" అని మధ్యవర్తులు చెప్పుదురు. 2011వ సంవత్సరమున సుప్రీముకోర్టువారు సూరజ్ ల్యాంపు వ్యాజ్యమున, జీపీఏ వలనను, ఒప్పందపత్రము వలనను, వీలునామా వలనను ఇల్లు అమ్ముడుపోదని తేల్చిరి. జీపీఏ యనగా ఒకరి పని చేయుటకు మఱియొకరికిచ్చు నధికారము మాత్రమే. అమెరికాలో నున్న కుమారుడు తన తరఫున సంతకము చేయుటకు తండ్రికిచ్చిన జీపీఏ మంచిదే. దానితో తండ్రి సేల్ డీడు వ్రాసియీయవచ్చును. అమ్మకమునకు బదులుగా నిచ్చు జీపీఏ మాత్రము ధరలో నెంత తగ్గించినను వలదని మా దృఢాభిప్రాయము.

కొత్తగా కట్టుచున్న అపార్టుమెంటులో ఫ్లాటు కొనువారికి 2016 నాటి రేరా చట్టము కొంత యండగా నున్నది. ఆ చట్టము క్రిందికి వచ్చు కట్టడమున, రిజిస్టరైన ఒప్పందము లేకుండ ధరలో నూటికి పదింటికి మించి బిల్డరు పుచ్చుకొనరాదు. నిర్మాణమున లోపము గనబడినచో స్వాధీనమైన నాటినుండి అయిదేండ్ల లోపల తన ఖర్చుతో బాగుచేయవలెను.

ఇక మనకు మిక్కిలి దగ్గఱి సంగతి. ఇల్లు అమ్మునప్పుడు స్త్రీలను పిలిచి "ఇచ్చట సంతకము చేయుము" అని వ్రేలు చూపుట మన యిండ్లలో నేటికిని గలదు. అది యేమి కాగితమని యడిగినచో "నీకెందుకు?" అందురు. ఎందుకో చెప్పెదము. పిత్రార్జితమైన ఉమ్మడి యింటిలో కుమార్తెకును కుమారునితో సమానముగా భాగము గలదు. తెలుగునాట 1985 సెప్టెంబరు 5 నాటికి వివాహముకాని కుమార్తెలకు రాష్ట్రచట్టమే యీ హక్కునిచ్చినది. 2005లో దేశమంతటను, వివాహమైనవారికి సైతము వచ్చినది. నాటికి తండ్రి జీవించియుండనక్కఱలేదని 2020 ఆగస్టులో సుప్రీముకోర్టు చెప్పినది. అందుచేత కొనువారు ఆడపిల్లల సంతకములడుగుట మర్యాదకొఱకు కాదు, అవి లేనిదే అమ్మకము సంపూర్ణము కాదు గనుక. సంతకము చేయుట, చేయకుండుట మీ యిష్టము. ప్రేమతో భాగము విడుచుకొన్నను తప్పులేదు. విడుచుచున్నది యేమిటో తెలిసి విడువవలెనని మాత్రమే మా మనవి. తండ్రి స్వార్జితమైన యింటిని మాత్రము ఆయన తన యిష్టముచొప్పున అమ్ముకొనవచ్చును. పసిపిల్లల భాగమును తల్లిదండ్రులైనను కోర్టు అనుమతిలేక అమ్మరాదు.

కొనునప్పుడును పేరు చూడవలెను. నగలమ్మి యిచ్చిన సొమ్ము ఇంటి ధరలో కలిసినచో పత్రమున మీ పేరుకూడ నుండుట న్యాయము. భార్య పేర కొనుట బినామీ యగునేమో యని కొందఱు పురుషులు సందేహింతురు. భర్త తన తెలిసిన యాదాయముతో భార్య పేర కొన్నచో బినామీ చట్టమందు దానికి మినహాయింపు గలదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము హిందూ స్త్రీ తన పేర సంపాదించిన ఆస్తికి ఆమెయే సంపూర్ణ యజమానురాలు.

ఖర్చుల సంగతి క్లుప్తముగా చెప్పెదము. 2021 జూలై 22 నుండి తెలంగాణములో స్టాంపు సుంకము నూటికి 5.5, బదిలీ సుంకము 1.5, రిజిస్ట్రేషను రుసుము 0.5, వెరసి 7.5గా నిర్ణయించిరి. అరువది లక్షల యింటికి ఆ లెక్కన నాలుగున్నర లక్షలగును; కొనునాటి రేటును ముందే విచారించుకొనుడు. ధర ఏబది లక్షలైనను, మించినను కొనువారే నూటికొక రూపాయి చొప్పున పట్టి ఆదాయపు పన్ను శాఖకు కట్టవలెను. అమ్మువారు విదేశమున నివసించువారైనచో పట్టవలసినది యింతకంటె చాల హెచ్చు. పన్ను తగ్గునని పత్రమున ధర తక్కువ వ్రాయించి మిగిలినది నగదుగా ఇచ్చు వాడుక మన ప్రాంతమున గలదు. వ్యవహారము చెడినచో ఆ నగదునకు సాక్ష్యముండదు.

మంచమునుండి లేవలేని అత్తగారి సంతకము కావలసియున్నది, కార్యాలయము మెట్లెక్కించుట యెట్లని దిగులుపడు కోడండ్రకు నొక మాట. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము దేహబలము లేనివారి విషయమున సబ్ రిజిస్ట్రారే యింటికి వచ్చి గాని, తగినవారిని పంపి గాని వ్రేలిముద్ర తీసికొనవచ్చును. దీనికై ముందుగా దరఖాస్తు పెట్టి, వేఱుగా రుసుము చెల్లింపవలెను. అధికారి వచ్చునాడు ఇరువురు సాక్షులను ఇంటివద్దనే యుంచుకొనుడు.