చెప్పక తప్పని మాట

‘‘నువ్వయితే మెత్తగా చెబుతావమ్మా, కాస్త ఆ అమ్మాయికి చెప్పెయ్యి.’’

ఆఫీసుల్లో, స్కూళ్లలో పనిచేసే మనలో చాలామంది ఈ మాట వినే ఉంటారు. జీతం పెంచినప్పుడు పిలిచి చెప్పడానికి పైవాళ్లకి తీరిక దొరుకుతుంది. ఉద్యోగం లేదని చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం ఆ పని ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఎక్కువసార్లు ఆడవాళ్ల నెత్తినే.

నా స్నేహితురాలు ఒక ప్రైవేటు స్కూల్లో సీనియర్ టీచర్. రెండేళ్ల క్రితం మార్చిలో యాజమాన్యం ఆమెకి ఇలాంటి పనే అప్పగించింది. కొత్తగా చేరిన ఓ టీచర్ని జూన్ నుంచి తీసుకోవడం లేదు, ఆ సంగతి చెప్పాలి. తీరా ఆ పిల్ల ఎదురుగా నిలబడేసరికి ఈవిడకి నోరు రాలేదు. ‘‘పిల్లలు తగ్గారట. చూద్దాంలే, నువ్వు దిగులు పెట్టుకోకు’’ అంది. ఆ అమ్మాయి నిజంగానే దిగులు పెట్టుకోలేదు. వేరే స్కూళ్లకి దరఖాస్తులూ పెట్టలేదు. జూన్‌లో టిఫిన్ బాక్సు పట్టుకుని వచ్చి, రిజిస్టర్లో తన పేరు వెతుక్కుంది. అప్పటికి మిగతా చోట్ల ఖాళీలన్నీ నిండిపోయాయి.

‘‘ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఓ గంట ఏడ్చేది. నా మెత్తదనం ఆ పిల్లకి ఏడాది జీతం పోగొట్టింది’’ అని నా స్నేహితురాలు ఇప్పటికీ బాధపడుతుంది.

అలాగని మొహం మీద కొట్టినట్టు చెప్పమని కాదు. 2021 డిసెంబర్‌లో అమెరికాలో బెటర్ డాట్ కామ్ అనే గృహరుణాల సంస్థ అధిపతి విశాల్ గార్గ్ దాదాపు 900 మందిని ఒకే జూమ్ కాల్‌లో, కొద్ది నిమిషాల్లో తీసేశాడు. అందరూ ఛీకొట్టాక, చెప్పిన తీరు తప్పేనని క్షమాపణ చెప్పుకున్నాడు.

మరెలా చెప్పాలి? నిర్ణయం తీసుకున్నవాళ్లే చెప్పాలి. నలుగురిలో కాకుండా, విడిగా కూర్చోబెట్టి చెప్పాలి. అసలు మాట ముందే చెప్పాలి. కారణం, ఆఖరి రోజు, రావలసిన డబ్బు కాగితం మీద రాసివ్వాలి. కన్నీళ్లొస్తే తుడుచుకునేదాకా ఆగాలి. ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి అవసరం లేదని తీసేసేముందు, కారణం రాసి నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చెప్పింది. టీచర్లు ఆ చట్టం కిందికి రాలేదు. అయినా మర్యాదకి చట్టం కావాలా?

ఈసారి ఎవరైనా ‘నువ్వయితే మెత్తగా చెబుతావమ్మా’ అంటే, ‘మీరే చెప్పండి సార్, నేను పక్కన కూర్చుంటాను’ అందాం. తర్వాత ఆ అమ్మాయికి గ్లాసుడు మంచినీళ్లిచ్చి, ఇంకెక్కడ ఖాళీలున్నాయో మనమే వాకబు చేద్దాం. మన మెత్తదనం చూపించాల్సింది అక్కడ.