స్రెబ్రెనికా తల్లుల నిరీక్షణ

బోస్నియాలోని స్రెబ్రెనికాను ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1993లో ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. ఆ మాట నమ్మి వేలాది ముస్లింలు అక్కడ తలదాచుకున్నారు. 1995 జూలై 11న బోస్నియా సెర్బు సేనలు ఆ పట్టణాన్ని ఆక్రమించాయి. తల్లుల చేతుల్లోంచి కొడుకులను విడదీసి తీసుకుపోయాయి. కొద్ది రోజుల్లోనే ఎనిమిది వేల మందికి పైగా పురుషులను, బాలురను హతమార్చాయి.

దారుణం అంతటితో ఆగలేదు. నేరం బయటపడకుండా సామూహిక గోతులను యంత్రాలతో తవ్వి, శవాలను వేరే చోట్లకు తరలించారు. అందుకే ఒకే మనిషి ఎముకలు రెండు మూడు గోతుల్లో దొరికాయి. బంధువుల రక్త నమూనాలతో డీఎన్ఏ పరీక్షలు జరిపి దాదాపు ఏడు వేల మందిని గుర్తించారు. దొరికిన నాలుగు ఎముకలనే ఖననం చేయాలా? మిగతావి దొరికేదాకా ఆగాలా? ఏ తల్లికీ రాకూడని ప్రశ్న ఇది.

గుర్తించినవారికి ఏటా జూలై 11న పోటోచారిలో జనాజా నమాజు చేసి ఖననం చేస్తున్నారు. సుమారు వెయ్యి మంది ఆచూకీ ఇంకా తెలియదు. సేనాధిపతి రాత్కో మ్లాదిచ్‌కు హేగ్ ట్రైబ్యునల్ 2017లో విధించిన యావజ్జీవ శిక్ష 2021లో ఖరారైంది. కానీ శిక్షతోనే న్యాయం పూర్తి కాదు. శవాలను తరలించినవారికి ఆ చోట్లు తెలుసు. వారి చేత నోరు విప్పించాలి. ఆ తల్లులు ఒక్కొక్కరే కన్నుమూస్తున్నారు. వారు అడుగుతున్నది ప్రతీకారం కాదు, బిడ్డకో ఖబరు!