మట్టి ఇవ్వండి, వీరుడనకండి

చనిపోయినవాళ్లను ఆడిపోసుకోకూడదని మన పెద్దలు చెబుతారు. మంచి మాటే. కానీ చనిపోయాడు కాబట్టి వీరుడని పొగడమని మాత్రం ఏ పెద్దా చెప్పలేదు.

ఫిలిప్పీన్స్ మాజీ నియంత ఫెర్డినాండ్ మార్కోస్‌ను 2016 నవంబరు 18న మనీలా దగ్గరి వీరుల శ్మశానవాటికలో ఖననం చేశారు. అంతకు పది రోజుల ముందే అక్కడి సుప్రీంకోర్టు 9-5 తేడాతో అడ్డంకి లేదని తీర్పు ఇచ్చింది. జనానికి ముందుగా చెప్పకుండా శవాన్ని హెలికాప్టర్‌లో తెచ్చి, 21 తుపాకుల వందనంతో పని ముగించారు. ఆ రోజే జనం నిరసనగా వీధుల్లోకి వచ్చారు.

క్యాంపుల్లో, ఆఫీసుల్లో మనతో పనిచేసే ఫిలిప్పీనో సోదరుల దగ్గర ఈ మాట ఎత్తితే చాలు, రెండు పక్షాలవుతారు. "రోడ్లు వేశాడు, ఆసుపత్రులు కట్టించాడు, మాకు గల్ఫ్ దారి చూపించాడు" అని ఒక పక్షం అంటుంది. విదేశాలకు పనివాళ్లను పంపే ఏర్పాటు ఆయన తెచ్చిన 1974 కార్మిక చట్టంతో మొదలైన మాట నిజమే. అయితే 1982లో ఆయనే ఇంకో ఉత్తర్వు తెచ్చాడు. విదేశాల్లో ఉన్నవాళ్లు జీతంలో సగం నుంచి 80 శాతం దాకా బ్యాంకుల ద్వారానే ఇంటికి పంపాలి, లేకపోతే పాస్‌పోర్టు రెన్యువల్ కాదు. హాంకాంగ్‌లోని ఫిలిప్పీనోలు ఎదురు తిరిగారు. 1985లో ఆ శిక్షలు ఎత్తేశారు. మన చెమట లెక్క మన చేతిలో లేకుండా చేసినవాడిని మనం మేలు చేసినవాడని ఎలా అనగలం?

1972లో సైనిక శాసనం పెట్టాక సుమారు 70,000 మందిని జైళ్లలో వేశారని, 34,000 మందిని చిత్రహింసలు పెట్టారని, 3,200 మందికి పైగా చంపారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ లెక్క. 1986లో జనమే రోడ్డెక్కి ఆయన్ని దించేశారు. స్విస్ బ్యాంకుల నుంచి రాబట్టిన మార్కోస్ సొమ్ములోంచి బాధితులకు పరిహారం ఇవ్వడానికి 2013లో చట్టమే చేశారు. 11,103 మందిని బాధితులుగా గుర్తించారు. ఒక చేత్తో బాధితులకు పరిహారం, ఇంకో చేత్తో బాధపెట్టినవాడికి వందనం. ఇదేం న్యాయం?

ఆయన 1989లో హవాయిలో చనిపోయాడు. 1993లో శవం స్వదేశం చేరింది. దానికి మేము అడ్డు చెప్పం. క్యాంపులో ఎవరైనా పోతే కాగితాలు రాసేది మేమే. శవం ఊరు చేరేదాకా ఆ ఇంట్లో ముద్ద దిగదని మాకు తెలుసు. సొంత ఊరి మట్టి ఎవరికైనా దక్కాలి. మార్కోస్‌కూ సొంత ఊళ్లోనే సమాధి కడితే సరిపోయేది. వీరుడన్న పేరు మాత్రం కుటుంబం అడిగితేనో, కోర్టు అడ్డు లేదంటేనో వచ్చేది కాదు.

విదేశాల్లో పనిచేసేవాళ్లను "కొత్త వీరులు" అని 1988లో అక్కడి అధ్యక్షురాలు కొరజాన్ అక్వినో అన్నారు. ఆ వీరుల పెట్టెలు నేటికీ కార్గోలోనే వెళ్తున్నాయి. వాటికి ఏ తుపాకీ వందనమూ లేదు.