ట్యాంకు మీద గీతలు ఎవరు గీశారు?



ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుందో కిందటి నెల చెప్పుకున్నాం. తుప్పు పట్టకుండా ఇనుముకు మనం తొడిగే చొక్కాయే రంగు. ఆ చొక్కాయి చిరిగిన కథ ఒకటి ఈ నెల చెబుతాను. ఇది మా ఇంట్లో జరిగిందే. ఇందులో దొంగ ఒకడు వున్నాడు. దొంగను పట్టుకున్నవాడు ఒకడు వున్నాడు. తొందరపడి తప్పు చేసినవాడు కూడా ఒకడు వున్నాడు. ఆ మూడోవాణ్ణి నేనే.

నాకు నల్లరంగు మోటారు సైకిలు ఒకటి వుంది. దాని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకునే సంచి కూడా వుంది. ఇలాటి సంచులు మీలో కొందరు చూసే వుంటారు. సంచికి అటు రెండు, ఇటు రెండు చొప్పున నాలుగు రెక్కలుంటాయి. ఒక్కొక్క రెక్కలోనూ అయస్కాంతం పెట్టి కుట్టేస్తారు. సంచిని ట్యాంకు మీద పెట్టగానే రెక్కలు ఠప్పున అతుక్కుంటాయి. దూరప్రయాణం చేసేవాళ్ళు మంచినీళ్ళ సీసా, తువ్వాలు, కాగితాలు అందులో పెట్టుకుంటారు.

అయితే ఈ సంచి అన్ని బళ్ళకూ పనికిరాదు. అయస్కాంతం ఇనుమునూ, ఉక్కునూ పట్టుకుంటుంది. అల్యూమినియాన్నీ, ప్లాస్టిక్కునూ పట్టుకోదు. అందుచేత ట్యాంకు ఉక్కుదైతేనే సంచి నిలుస్తుంది. మీ ఇంట్లో బండి ట్యాంకు దేనితో చేశారో తెలుసుకోవాలని వుందా? చిన్న అయస్కాంతాన్ని శుభ్రంగా తుడిచి, పలచని కాగితంలో చుట్టి, ట్యాంకుకు మెల్లగా ఆనించి చూడండి. కాగితం దేనికో ఈ కథ అయ్యేలోగా మీకే తెలుస్తుంది.

ఒక ఆదివారం నాడు నేనూ, ఆరో తరగతి చదివే మా అబ్బాయీ హెల్మెట్లు పెట్టుకుని, విశాఖపట్నం నుంచి సముద్రం ఒడ్డున పోయే రోడ్డు మీదుగా భీమిలి వెళ్ళాం. దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశాం. భీమిలిలో ఇసుక మీద కూర్చుని, వాళ్ళమ్మ కట్టి ఇచ్చిన పులిహోర తిన్నాం. అంతసేపూ ట్యాంకు సంచి ఇసుకలోనే వుంది. బయలుదేరేటప్పుడు దాన్ని రెండు దెబ్బలు తట్టి, మళ్ళీ ట్యాంకు మీద పెట్టాను. అది తిన్నగా కూర్చోలేదు. అందుకని కాస్త ముందుకూ వెనక్కూ జరిపాను. ఈ సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఇంటికి రాగానే సంచి తీసి గూట్లో పెట్టాను. అబ్బాయి, "నాన్నా, బండి నేను తుడుస్తాను," అన్నాడు. సరే అన్నాను. వాడు బకెట్టుతో నీళ్ళు తెచ్చి, ఎంతో సరదాగా బండి అంతా కడిగి తుడిచాడు.

మర్నాడు ఉదయం ఎండలో చూద్దును గదా, అద్దంలా మెరవవలసిన ట్యాంకు మీద సన్నని గీతలు! కొన్ని చోట్ల మసక కమ్మినట్టు వుంది. ఇంట్లో ఎవరిని అడిగినా తాము ముట్టుకోలేదన్నారు. "అందరూ శాకాహారులే, బుట్టలో రొయ్యలు మాయం" అన్నట్టుంది వ్యవహారం. బండి తుడిచింది ఎవరు? అబ్బాయి. ఇంకేముంది, వాణ్ణి పిలిచి, "గచ్చు తుడిచే గుడ్డ పెట్టి రుద్దావా? బండి పాడుచేశావు కదరా!" అని కేకలు వేశాను.

"లేదు నాన్నా, మెత్తని గుడ్డే," అన్నాడు వాడు. నేను వినలేదు. మా అమ్మ లోపలినుంచి, "వాడు చెప్పేది వినకుండానే తిడతావేమిరా?" అన్నది. ఆవిడ మాట కూడా నేను వినలేదు. వాడు ఏడవలేదు కాని, సరిగా అన్నం తినకుండానే బడికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి వాడు బండి దగ్గర గొంతుకు కూర్చుని వున్నాడు.

"నాన్నా, నేను రుద్దటంవల్ల గీతలు పడితే, రుద్దిన చోటల్లా పడాలి కదా? ఇవి నాలుగు చోట్లే ఎందుకున్నాయి?" అన్నాడు.

నేను వంగి చూశాను. నిజమే. ట్యాంకుకు కుడివేపు రెండు మచ్చలు, ఎడమవేపు రెండు మచ్చలు. ఒక్కొక్కటీ అరచేయి అంత. వాడు వెళ్ళి గూట్లోనుంచి సంచి తెచ్చి, ట్యాంకుకు తగలకుండా ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు రెక్కలూ నాలుగు మచ్చలకు ఎదురుగా సరిపోయాయి! తరవాత ఒక రెక్క తిరగేసి చూపించాడు. దాని అడుగున నల్లని నూగు, పిల్లి మీసాల్లాగా నిక్కబొడుచుకుని వున్నది.

"ఇదిగో దొంగ," అన్నాడు.

ఆ నల్లని నూగు ఏమిటో, ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను. భీమిలి ఒడ్డున ఇసుకను జాగ్రత్తగా చూస్తే మధ్యమధ్య నల్లని చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమలలోని రాళ్ళు వేల ఏళ్ళుగా అరిగి పొడి అవుతూంటే, వాగులూ నదులూ ఆ పొడిని సముద్రంలోకి తెస్తాయి. అలలు దాన్ని చేటతో చెరిగినట్టు చెరుగుతాయి. తేలిక రేణువులు కొట్టుకుపోతాయి, బరువైనవి ఒకచోట మిగులుతాయి. ఆ బరువైన వాటిలో మాగ్నటైటు, ఇల్మనైటు, గార్నెట్టు వుంటాయి. మాగ్నటైటు మామూలు ఇసుకకంటె దాదాపు రెండింతలు బరువు. పూర్వులు సూదంటురాయి అన్నది ఈ జాతి రాయినే. దాని రేణువులు అయస్కాంతం కనబడితే చాలు, ఎగిరి అంటుకుంటాయి.

సముద్రం లేని ఊళ్ళలో ఈ బెడద లేదనుకునేరు! బళ్ళకు బ్రేకు వేసినప్పుడల్లా బ్రేకుల్లోని ఇనుము కొంచెం కొంచెం అరిగి, పొడిగా రోడ్డు మీద పడుతుంది. ఇనప పని చేసే చోట రజను ఎగురుతుంది. రోడ్డు దుమ్ములో ఇవన్నీ వుంటాయి.

ఇంకొక సంగతి. ఈ కాలపు సంచుల్లో చాలావాటికి నియోడిమియం అయస్కాంతాలు వాడుతున్నారు. వీటిని 1980 తరవాతి సంవత్సరాలలో జపానులోనూ, అమెరికాలోనూ వేరువేరుగా కనిపెట్టారు. ఇవి పాతరకం అయస్కాంతాలకంటె ఎంతో బలమైనవి. అందుచేత సంచినీ గట్టిగా పట్టుకుంటాయి, ఇనపరజనునూ గట్టిగా పట్టుకుంటాయి. రెండు దెబ్బలు తట్టినంత మాత్రాన అది రాలదు. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

సరే, నూగు అంటుకున్నది. అంతమాత్రాన రంగు ఎందుకు పాడవుతుంది?

ఏ వస్తువు దేన్ని గీయగలదో చెప్పటానికి 1812లో మోస్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఒక వరస ఏర్పరిచాడు. అందులో అన్నిటికంటె మెత్తనిది, పౌడరు చేసే టాల్కు రాయి, ఒకటోది. అన్నిటికంటె గట్టిది వజ్రం, పదోది. ఎక్కువ అంకెది తక్కువ అంకెదాన్ని గీస్తుంది. మన గోరు రెండున్నర దగ్గర వుంటుంది. మాగ్నటైటు ఆరు దగ్గర, మామూలు ఇసుక ఏడు దగ్గర వుంటాయి. బండికి పూసే రంగు వీటి ముందు వెన్నముద్ద!

ఆ రంగు మందమైనా ఏపాటిది? ఉక్కు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద రంగు పూత, అన్నిటికంటె పైన మెరుపు కోసం పారదర్శకమైన పూత. అన్నీ కలిపితే మిల్లీమీటరులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పై మెరుపు పూత ఒక్కటీ మన తల వెంట్రుక మందంలో సుమారు సగం.

దీనికి తోడు బండి అదురు. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతూందనుకోండి. గంటకు ఎన్ని? లక్షా ఎనభై వేలు! ఇంజను అదురుకు ట్యాంకు మీది సంచి కూడా వణుకుతూనే వుంటుంది. అయస్కాంతం రేణువులను రంగుకేసి అదిమి పట్టటమూ, అదురు వాటిని కదిలించటమూ. ఇది గరుకు కాగితంతో రుద్దటం కాక మరేమిటి? పైగా నేను సంచిని ముందుకూ వెనక్కూ జరిపాను. అది నా రెండో పొరపాటు.

చూశారా, నిజానికి అయస్కాంతం రంగును గీయలేదు. దొంగసొత్తు పోగుచేసి, దాచిపెట్టింది. గీసినవి రేణువులు. ఆ రేణువుల మీద దాన్ని పడుకోబెట్టినవాణ్ణి నేను!

ఇది మీరే పరీక్ష చేసి చూడవచ్చు. ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్కు సంచిలో వేసి, వీధి ఇసుకలో అటూ ఇటూ తిప్పండి. నల్లని నూగు అంటుకుంటుంది. ఒక కాగితం మీదికి తెచ్చి, సంచిలోనుంచి అయస్కాంతం తీసెయ్యండి. నూగంతా కాగితం మీద రాలుతుంది. ఇప్పుడు పనికిరాని పాత ప్లాస్టిక్కు స్కేలు ఒకటి తీసుకోండి. ఒక సగాన్ని శుభ్రమైన మెత్తని గుడ్డతో ఇరవైసార్లు రుద్దండి. రెండో సగం మీద ఆ నూగు చల్లి, అదే గుడ్డతో, అంతే గట్టిగా, ఇరవైసార్లు రుద్దండి. కడిగి వెలుతురులో చూడండి. తేడా మీకే తెలుస్తుంది. కొత్త స్కేలు మీద చేసి నా పేరు మాత్రం చెప్పకండి!

ఇక ట్యాంకు రంగును కాపాడుకోవటం ఎలాగో చూద్దాం. ఇది మీ నాన్నగారికో, అన్నయ్యకో చదివి వినిపించండి.

మొదటిది: సంచి పెట్టేముందు ట్యాంకును నీళ్ళతో కడిగి, తరవాత మెత్తని గుడ్డతో తడి అద్దాలి. పొడి దుమ్మును పొడిగుడ్డతో తుడిస్తే దుమ్మే గీతలు గీస్తుంది.

రెండోది: ప్రతిసారీ రెక్కలు తిరగేసి చూడాలి. నూగు వుంటే అతుక్కునే టేపును అద్ది లాగాలి. టేపు లేకపోతే గట్టిగా కలిపిన చపాతీ పిండి ముద్దతో అద్దినా వస్తుంది. ఆ ముద్దను మళ్ళీ చపాతీల పిండిలో కలపకండి సుమా!

మూడోది: సంచిని నేలమీద పెట్టకూడదు. తగిలించటానికి చోటు లేకపోతే, రెక్కలను అడుగుకు మడిచి, ఎదురెదురు రెక్కలు ఒకదానికొకటి అంటుకునేట్టు చేసి, వాటి కింద ఏదైనా గుడ్డ పరవాలి.

నాలుగోది: సంచిని పైనుంచి తిన్నగా దించాలి. తీసేటప్పుడు ఒక్కొక్క రెక్కే ఎత్తి తీయాలి. తిన్నగా కూర్చోకపోతే మళ్ళీ ఎత్తి పెట్టాలి. ఎన్నడూ ఈడ్చకూడదు.

అయిదోది: రంగును కాపాడే పారదర్శకమైన పొరలు దుకాణాలలో దొరుకుతాయి. ఫోను అద్దానికి అంటించే పొరలాటివే కాని, ఇవి సాగుతాయి. రెక్కలు ఆనేచోట ఇలాటిది అంటిస్తే దెబ్బ పొరకు తగులుతుంది, రంగు బతుకుతుంది. పొర పాడైతే మార్చుకోవచ్చు. కొందరు సంచి కింద గుడ్డ వేస్తారు. గుడ్డలోనూ దుమ్ము చేరుతుంది కనక దాన్ని తరుచు ఉతకాలి. పైగా అయస్కాంతానికీ ఉక్కుకూ మధ్య ఎడం పెరిగితే పట్టు చాలా తగ్గిపోతుంది. మందపు గుడ్డ వేస్తే సంచి జారి పడవచ్చు. సంచికి వుండే పట్టీని హాండిలు దగ్గర కట్టుకోవటం ఎప్పుడూ మంచిది. హాండిలు రెండువేపులా పూర్తిగా తిరుగుతుందో లేదో చూసుకుని మరీ బయలుదేరాలి.

ఆరోది: పెట్రోలు పోయించుకునేటప్పుడు సంచి పూర్తిగా తీసెయ్యాలి. చుక్క పడితే వెంటనే తుడవాలి. వానలో తడిస్తే సంచినీ, ట్యాంకునూ విడివిడిగా ఆరబెట్టాలి.

ఒక హెచ్చరిక కూడా వుంది. గుండెకు పేస్‌మేకరు అమర్చుకున్న పెద్దలు ఇంత బలమైన అయస్కాంతాలకు దూరంగా వుండాలి. బాంకు కార్డులను కూడా రెక్కల దగ్గర పెట్టవద్దు. వాటి వెనక వుండే నల్లని అయస్కాంతపు పట్టీ పాడు కావచ్చు.

ఇంతకీ మా ఇంటి కథ ఏమయిందంటారా? ఆ సాయంత్రమే నేను మా అబ్బాయితో, "తప్పు నాదిరా. నిన్ను అనవలసింది కాదు," అని చెప్పాను. మా అమ్మ ముందూ, వాళ్ళమ్మ ముందూ చెప్పాను. ఎందుకంటే, తిట్టింది కూడా వాళ్ళ ముందే కదా! వాడు రెండుపూటల అన్నం ఒక్కసారే తిన్నాడు.

తరవాత ఇద్దరం పాలిషు పెట్టి మెల్లగా రుద్దాం. చాలా గీతలు పోయాయి. పాలిషు కూడా మెరుపు పూతను కొంచెం అరగదీసే గీతలు పోగొడుతుంది. అందుకని అదేపనిగా రుద్దకూడదు. లోతుగా పడిన గీతలు మూడు అలాగే వున్నాయి. అవి ఉక్కుదాకా దిగలేదు కనక తుప్పు భయం లేదు. ఉక్కు బయటపడితే మాత్రం వెంటనే రంగు పూయాలి.

ఇప్పుడు ప్రయాణానికి బయలుదేరేముందు సంచి రెక్కలు తిరగేసి చూడటం మా అబ్బాయి ఉద్యోగం. వాడు "సరే" అనేదాకా నేను సంచి పెట్టను.

వచ్చే నెల: పెట్రోలు చుక్క నేలమీద పడగానే ఎక్కడికి మాయమవుతుంది?